నాలుక సాక్ష్యం

సరుకు పరీక్ష ఉన్న రోజున మునిలక్ష్మి ఉప్పులేని రాగి గంజి తప్ప మరేదీ నోట్లో పెట్టదు. కాఫీ తాగదు. ఆకూ వక్కా వేసుకోదు. బెంగళూరు కాటన్‌పేటలో వేళ్లూ బెరళ్లూ గింజలూ అమ్మే ఆ గ్రంథిగె అంగడిలో ఈ నియమం ఆమె పెట్టింది కాదు. ఆమెకంటే ముందు ఆ పీట మీద కూర్చున్న పాపక్క పెట్టింది. పాపక్క పోయినా నియమం నిలిచింది.

ఆ సోమవారం కూడా గంజి తాగే వచ్చింది. కానీ అందులో ఉప్పు ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

"మునక్కా, లైట్ మీ మొహం మీదికి తిప్పుతాండా. కళ్లు చికిలించొద్దు," అన్నాడు తేజస్. సావుకారు జయరామప్ప కొడుకు. చేతిలో ఫోను, ఫోను వెనక గుండ్రటి దీపం. అంగడి సరుకును డబ్బాల్లో పెట్టి ఫోన్లో అమ్మడం అతని ఆలోచన. పసిపిల్లల మందుల డబ్బా అన్నిటికంటే బాగా పోతోంది. డబ్బా మూత మీద మునిలక్ష్మి బొమ్మ ఉంటుంది. నాలుక కొసన వేరు పెట్టుకుని, సూటిగా చూస్తూ.

ముందు కొత్త గోనె ఉంది. తాడు విప్పింది. అతివస.

మంచు కొండల్లో, చెట్లు కూడా మొలవని ఎత్తున, గడ్డి మధ్య పెరిగే మొక్క వేరు అది. చిటికెన వేలి కణుపంత ఉంటుంది. పైన బూడిద రంగు. విరిస్తే లోపల తెల్లగా పిండిలా ఉండి, ఆ తెలుపులో నాలుగు చుక్కలు కనిపిస్తాయి. పళ్లు వచ్చేటప్పటి జ్వరానికి, బేదులకు, పాలు కక్కడానికి తల్లులు దీన్ని సానరాయి మీద చనుబాలతో అరగదీసి బిడ్డకు నాకిస్తారు. బిడ్డకు ఎన్ని నెలలో అన్ని చుట్లు, అంతకు మించకూడదు. దగ్గూ జ్వరమూ కలిసి వస్తే తుంగముస్తలు, పిప్పళ్లు, కర్కాటకశృంగి కూడా చేర్చి తేనెతో ఇస్తారు. ఊళ్లో ఎన్ని ఆసుపత్రులు వచ్చినా ఈ వేరు అడిగే వాళ్లు తగ్గలేదు. కొండల్లో దొరికే వేరు మాత్రం తగ్గిపోయింది.

దానికి ఒక దాయాది ఉంది. వసనాభి. అదీ ఆ కొండల్లోనిదే, కానీ విషం. శుద్ధి చేసి కీళ్లనొప్పుల తైలాల్లో వేస్తారు. లేత వేళ్లు ఎండిపోయాక రెండూ ఒకే గోనెలో కలిస్తే కన్ను మోసపోతుంది. నాలుక మోసపోదు. అతివస చేదు, అంతే. వసనాభి తగిలితే కాసేపటికి చీమలు పాకినట్టు చిమచిమలాడి, నాలుక మొద్దుబారుతుంది. ఇక ఆ పూటకు ఆ నాలుక పనికిరాదు. "నాలుక పడిపోయింది" అని చెప్పి పీట మీంచి లేచిపోవాలి. అదీ పాపక్క నియమమే.

ఉగాదికి ముందు నుంచే మునిలక్ష్మి నాలుక మీద చీమలు పాకుతున్నాయి. వేరు పెట్టినా, పెట్టకపోయినా. మొదట అరికాళ్లలో మొదలై, వేళ్ల కొసలకు వచ్చి, చివరికి నోటికెక్కాయి. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్లూ వచ్చింది పాత వ్యాపారి సరుకు. విరిచి, నాలుగు చుక్కలు చూసుకుని నెట్టుకొచ్చింది.

ఈ గోనెలో వేళ్లు వేరేగా ఉన్నాయి. తొక్క గీకేసి, పైన ఏదో తెల్ల పొడి పూశారు. ఒకటి విరిచింది. లోపలికి కూడా పొడి దిగింది. చుక్కలు కనిపించలేదు.

"ఇది ఎవరి సరుకు తేజసప్పా?"

"కొత్త పార్టీ. పాతాయన దగ్గర స్టాకే లేదు. కొండల్లో తవ్వి తవ్వి అయిపోయిందంట."

"సున్నం పూసినట్టుండాది."

"పురుగు పట్టకుండా ఏదో కోటింగ్. స్టార్ట్ చేస్తాండా అక్కా, చూడండి ఇట్లా."

ఆమె వేరు కొసను నాలుకకు తాకించింది. చీమలు. ఈ చీమలు తనవా, వేరువా? ఊసి, నీళ్లు పుక్కిలించి, ఇంకొకటి తీసింది. మళ్లీ చీమలు. గోనె అడుగు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి చూసింది. ప్రతిదానికీ నాలుక ఒకే మాట చెప్పింది. వెనక్కి తిరిగితే అంగడి గుమ్మం దగ్గర నలుగురు గిరాకీలు నిలబడి చూస్తున్నారు. ఈ మధ్య వాళ్లు ఇది చూడడానికే వస్తున్నారు.

"ఏం రుచి అక్కా?" తేజస్ గొంతు వీడియోలోకి వెళ్లే గొంతయింది.

"చేదు."

"మంచిదేనా?"

"మంచిదే," అంది మునిలక్ష్మి.

దీపం ఆరింది. పక్క బల్ల దగ్గర డబ్బాలు నింపే ప్రేమకుమారి నవ్వింది. "అక్కా, మీ బొమ్మ పక్కన నాదీ వేయమని చెప్పండి. గమ్ము పూసేది నేనే గదా."

"నీ బొమ్మ వేస్తే డబ్బా చూసి మగపిల్లోళ్లు కొంటారు. బిడ్డల తల్లులు కొనరు," అన్నాడు గుమ్మం దగ్గరి మునీంద్ర. హొసకోటె చెరువు కట్ట పక్కన పంక్చర్ అంగడి అతనిది. మోకాలి నూనె కోసం ఏళ్లుగా వస్తున్నాడు. ఇవాళ నూనె అడగలేదు.

"మా చెల్లెలి కొడుక్కి బేదులు. ఏడో నెల. డాక్టరు పొడి ఇచ్చినాడు, తగ్గలా. ఇప్పుడు మీరు నోట్లో పెట్టినారే, ఆ సరుకే ఇచ్చేయండి అక్కా."

ప్రేమకుమారి మొదటి డబ్బా నింపి మూత పెట్టింది. అతను దాన్ని చొక్కా లోపల పెట్టుకుని బస్సు కోసం పరుగెత్తాడు.

గోనె సగం ఖాళీ అయ్యేదాకా డబ్బాలు నిండుతూనే ఉన్నాయి. సాయంత్రం కొరియర్ అబ్బాయి రెండు సంచులు బండికి కట్టుకుని వెళ్లాడు.

శుక్రవారం అంగడి తెరవగానే ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు, కళ్ల కింద నిద్రలేని నలుపు. డబ్బాను బల్ల మీద పెట్టి, టిష్యూ కాగితం విప్పింది. అందులో సగం అరిగిన వేరు.

"నా పేరు వరూధిని. మీ వీడియో చూసి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను. నిన్న మా పండుకి అరగదీశాను. మాది గుంటూరు. మా అమ్మమ్మ ఫోన్లో చెప్పింది, బిడ్డకి పెట్టేముందు నువ్వు నాకి చూడవే అని. నాకాను." పెదాలు ఇంకా సరిగా కదలక, ఆగి ఆగి మాట్లాడుతోంది. "పావుగంటలో పెదాలు పోయాయి. నాలుక పోయింది. గుండె అదోలా కొట్టుకుంది. మా ఆయన ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. ఏం తిన్నారని అడిగితే, బేబీ మెడిసిన్ అని చెప్పాను. డాక్టర్ నా వైపు ఎలా చూశాడో మీకు తెలీదు."

"బిడ్డ?" అంది మునిలక్ష్మి.

"వాడికి పెట్టలేదు."

జయరామప్ప గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. స్టూలు జరిపి ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, వేరు వైపు చూశాడు.

"మునిలక్ష్మీ, ఇట్లా రామ్మా. చూడు."

ఆమె వేరు తీసుకుని నాలుకకు తాకించింది. ఎప్పటి చీమలే పాకాయి. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఆమె మాత్రం వరూధిని పెదాల వైపు చూసింది. ఎడమ కొస కొంచెం జారి ఉంది.

"నాభి," అంది. "ఇది వసనాభి అప్పా."

"ఈ బొమ్మ మీదే కదా?" వరూధిని డబ్బా మూత ఆమె వైపు తిప్పింది. "మీరు టేస్ట్ చేశారనే కదండీ కొన్నాను."

మునిలక్ష్మి నోరు తెరిచింది. ఈలోగా జయరామప్ప పక్క బల్ల వైపు తిరిగాడు.

"ప్రేమా, మొన్న పై అరలో నుంచి నాభి జాడీ ఎవరు దించినారు?"

"నేనే అప్పా. తైలం చేసేటాయనకి ఇమ్మని మీరే చెప్పినారు గదా."

"ఆ చేత్తోనే డబ్బాలు నింపినావా?"

"లేదప్పా. సబ్బు పెట్టి కడుక్కొన్నా."

"కడిగినావో లేదో ఎవరు చూసినారు?"

"చేతికి అంటుకుంటే పొడి అంటుకుంటాది. పూర్తి వేరు ఎట్లా వస్తాది అప్పా?" ప్రేమకుమారి బల్ల దాటి ముందుకొచ్చింది. "జాడీ దించిన దినానికి ఈ గోనె రానే లేదు. మునక్క పక్కనే ఉండాది, అడగండి. అక్కా, చెప్పండి."

మునిలక్ష్మి గోటి కింద తెల్ల పొడి ఇరుక్కుంది. బొటనవేలితో దాన్ని గీకసాగింది. ఒక వేలు అయింది. రెండో వేలు మొదలుపెట్టింది.

"అక్కా," అంది మళ్లీ ప్రేమకుమారి.

"చూసినారా తల్లీ," జయరామప్ప వరూధిని వైపు తిరిగాడు. "సరుకుది తప్పు లేదు. చెయ్యి జారింది. ఒక్క డబ్బానే. ఈ పిల్ల రేపట్నుంచి ఇక్కడుండదు."

తేజస్ వేరే డబ్బా తెచ్చాడు. వరూధిని దాన్ని ముట్టుకోలేదు. గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి, "నిజంగా ఒక్కటేనా?" అని అడిగింది.

"ఒక్కటే మేడమ్. ప్రామిస్," అన్నాడు తేజస్.

ప్రేమకుమారి ఏడవలేదు. ముందు కట్టుకున్న గుడ్డ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టింది. టిఫిను క్యారియరు తీసుకుంది. మునిలక్ష్మి పీట పక్కనుంచే దారి. ఆ దారినే వెళ్లింది, కాలు కూడా తగలకుండా.

కాటన్‌పేట వెనక సందులో ఒక్క గది ఇల్లు. ఆమె భర్త చిక్కమునియప్ప గోడకు చేరగిలబడి వెల్లుల్లి వలుస్తున్నాడు. మార్కెట్లో మూటలు మోసి మోసి నడుము పోయాక వంట అతనిదే అయింది.

ఆమె చెప్పింది. ఉగాది ముందు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. అతను వెల్లుల్లి వలవడం ఆపలేదు.

"గంజిలో ఒకసారి ఉప్పేసింటి," అన్నాడు చివరికి. "మరుపొచ్చి. నువ్వేమీ అనలా. నీకు కోపం తగ్గిందేమో అనుకొంటిని."

"ప్రేమ నన్నే చూస్తా ఉన్నింది."

"చూడనీ. వయసులో ఉండే పిల్ల. జిగణిలో ఎన్ని ఫ్యాక్టరీలు లేవు?"

"గోనె సగం పోయింది. అన్నీ నాభి కాదు. మంచివీ కలిసి ఉండాయి. ఏ డబ్బాలో ఏది పోయిందో?"

"ఎవరన్నా వచ్చి అడిగినారా?"

"ఒకామె వచ్చింది గదా."

"ఆమె తప్ప?" వలిచిన రెబ్బలను గిన్నెలో వేశాడు. "ఎవరూ రాలేదంటే ఏమీ కాలేదని."

మునిలక్ష్మి గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ ఎందుకు రాలేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఈ మందు వేసేది జబ్బు చేసిన బిడ్డకే. బిడ్డకు ఇంకా ఎక్కువైతే జబ్బు ముదిరిందనుకుంటారు. మందును ఎవరు అనుమానిస్తారు? వరూధిని నాకి చూసింది కాబట్టి వచ్చింది. నాకకుండా పెట్టినవాళ్లు ఆసుపత్రికి పోతారు. అక్కడ బేదులని చెబుతారు. వేరు సంగతి గుర్తు కూడా ఉండదు.

"ఎవరికీ చెప్పొద్దు," అన్నాడు చిక్కమునియప్ప. "నీ నాలుక మీదనే ఈ ఇల్లు నిలబడుండాది."

శనివారం ఆమె తేజస్‌ను గోదాములో పట్టుకుంది.

"డబ్బాలు ఎవరెవరికి పోయినాయో నీ ఫోన్లో ఉంటాది గదా అప్పా. ఫోన్ చేసి చెప్పు. అతివస తీసి పారేయమను. మిగతావి వాడుకోమను."

"ఏమని చెప్పాలి? విషం పంపించినాం, సారీ అనా?"

"ఏదో ఒకటి చెప్పు. పాతదని చెప్పు, పురుగు పట్టిందని చెప్పు."

అతను ఆమె వైపు కొంచెం జాలిగానే చూశాడు. "అక్కా, ఒకరికి చెప్తే స్క్రీన్‌షాట్ తీస్తారు. సాయంత్రానికి ఊరంతా తిరుగుతాది. అంగడి మూతే. మీ ఫోటో కూడా దాంతోపాటే తిరుగుతాది." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఒక్కటే బాక్స్ అక్కా. ప్రేమ మిస్టేక్. నాన్న చెప్పినాడు గదా. వదిలేయండి."

"గోనె నేను చూసినా."

"చూసి మంచిదన్నారు గదా. వీడియో ఉండాది."

ఆమెకు తెలిసిన చిరునామా ఒక్కటే. ఆదివారం అంగడి మూసి ఉంటుంది. హొసకోటె బస్సు ఎక్కింది.

చెరువు కట్ట పక్కన పంక్చర్ అంగడి షట్టరు దించి ఉంది. దాని వెనకే ఇల్లు. తలుపుకు తాళం. కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉంది. ఊచల్లోంచి చూస్తే లోపల గూట్లో సానరాయి కనిపించింది. రాయి మీద ఎండిపోయిన తెల్లటి చార. పక్కనే డబ్బా, డబ్బా మీద తన మొహం.

పక్కింటి ముసలామె చేటతో బయటికి వచ్చింది. "ఎవరమ్మా కావాల?"

"మునీంద్ర లేడా?"

"ఆసుపత్రికి పోయినారు. నిన్న పొద్దున చెల్లెలి బిడ్డను ఎత్తుకుని ఆటోలో పోయినారు. బెంగళూరికే."

"ఏమైంది బిడ్డకు?"

"బేదులే. ముందు నుంచీ ఉండాయి గదా. నిన్న కాళ్లూ చేతులూ చల్లబడిపోయినాయి. నోట్లోంచి ఒకటే చొల్లు. ఏడ్చే దానికి కూడా శక్తి లేదు ఆ పసిబిడ్డకు."

"మందేమన్నా వేసినారా?"

"వేసినారే. కాటన్‌పేట నుంచి తెచ్చినాడు. అది వేస్తే రెండు దినాలు బాగా తగ్గింది. మంచి మందు. మా మనవడికీ ఒకటి తెచ్చియ్యమని చెప్పినా." ముసలామె చేటను గోడకు ఆనించింది. "ఒక వేరు అరిగిపోయిందని శుక్రవారం రాత్రి ఇంకొకటి తీసినారు. అప్పటికే లేటయిందేమో. జబ్బు పైకెక్కేసింది."

మునిలక్ష్మి కిటికీ ఊచలు పట్టుకుంది. మొదటి వేరు మంచిదే అయి ఉంటుంది. రెండోది?

"ఏ ఆసుపత్రి?"

"పెద్దదే. పేరు నాకు నోరు తిరగదు. ఉండు, ఫోను కొట్టిస్తా."

ముసలామె కొడుకు బయటికి వచ్చి ఫోను కలిపాడు. స్విచ్ ఆఫ్. మళ్లీ కలిపాడు. అదే మాట.

మునిలక్ష్మి ఊచల మధ్య చెయ్యి దూర్చింది. గూటికి అందలేదు. ముసలామె పొరకకట్ట తెచ్చి ఇచ్చింది, ఎందుకని కూడా అడగలేదు. పొరక కొసతో లాగితే సానరాయి పక్కనున్న వేరు దొర్లి కిటికీ అంచుకు వచ్చింది. సగానికి పైగా ఉంది. ఒక పక్క నున్నగా అరిగింది.

విరిచి చూసింది. తెలుపు. పొడి. కన్నుకు ఏమీ దొరకలేదు.

నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. బస్సులు కట్ట మీద పోతున్న చప్పుడు. చెప్పు, అనుకుంది. ఈ ఒక్కసారి చెప్పు. చేదో, విషమో, ఏదో ఒకటి. వేరును పంటి కింద నలిపింది. ఉమ్మి మింగకుండా నోరంతా తిప్పింది. చీమలు పాకుతున్నాయి, పొద్దున పాకినట్టే, నిన్న పాకినట్టే.

"ఏమైనా బాగలేదా అమ్మా?" అంది ముసలామె.

మునిలక్ష్మి ఊసి, కొంగుతో నోరు తుడుచుకుంది. "మీ మనవడికి ఆ మందు తేవొద్దు."

"ఏం? మంచిదే గదా?"

"తేవొద్దు అవ్వా."

"నువ్వెవరు?" అంది ముసలామె. ఆమె కళ్లు కిటికీలోంచి గూట్లోని డబ్బా మీదికి పోయి, తిరిగి మునిలక్ష్మి మొహం మీదికి వచ్చాయి. మొహం వెలిగింది. "అయ్యో, నువ్వే గదమ్మా. నాలుకమ్మవి. చూడడానికి వచ్చినావా? ఇంత దూరం? ఎంత మంచి మనసు తల్లీ."

సోమవారం పొద్దున జయరామప్ప ఒక్కడే ఉన్నాడు. దేవుడి పటానికి దీపం వెలిగించి, అగరుబత్తి గూట్లో గుచ్చుతున్నాడు. మునిలక్ష్మి చెప్పులు విడిచి వచ్చి బల్ల ముందు నిలబడింది. పీట మీద కూర్చోలేదు.

"అప్పా, ప్రేమది తప్పు లేదు. గోనెలోనే నాభి కలిసుండాది. నేను కనుక్కోలేకపోయినా. నా నాలుక చచ్చిపోయింది అప్పా. ఉగాదికి ముందు నుంచే."

"తెలుసు," అన్నాడు జయరామప్ప.

తనకు సరిగా వినబడలేదనుకుంది ఆమె.

"ఉగాది నాడు మా ఇంట్లో వేపపూత కలిపినారు. బెల్లం వేయడం మరిచిపోయినారు. అంగడికి తెచ్చి అందరికీ పెడితే తేజస్ ఊసేసినాడు. ప్రేమ నీళ్లకు పరుగెత్తింది. నువ్వు చెయ్యి చాపి ఇంకొంచెం పెట్టించుకొన్నావు." అగరుబత్తి బూడిదను వేలితో రాల్చాడు. "ఆ దినమే అనుకొన్నా. కన్నుతో లాగుతాండాది, లాగనీలే అనుకొన్నా. పాత సరుకే గదా."

"మరి ప్రేమను ఎందుకు పంపించినారు?"

"ఆ అమ్మాయి అడుగుతా ఉన్నింది. ఎవరో ఒకరిని చూపించాల. ప్రేమ పోతే ఇంకో అంగడిలో చేస్తాది. నువ్వు పోతే ఈ అంగడి పోతాది."

"హొసకోటెలో ఒక బిడ్డ," అని మొదలుపెట్టి ఆగింది మునిలక్ష్మి. "ఆసుపత్రిలో ఉండాది. వేరు వల్లనో, బేదుల వల్లనో తెలీదు."

"తెలీదు గదా," అన్నాడు జయరామప్ప. అంతవరకే అన్నాడు.

"నేను మానేస్తా అప్పా."

"మానేయమ్మా. నేను వద్దంటానా? ఎందుకు మానేసిందని అడుగుతారు. నాలుక చచ్చిందని చెప్తావు. ఎప్పట్నుంచి అంటారు. ఉగాది ముందు నుంచి అని చెప్తావు. అప్పట్నుంచి పోయిన ప్రతి డబ్బా మీద నీ బొమ్మే ఉండాది. మంచిదే అని నువ్వు అన్న మాట తేజస్ ఫోన్లో ఉండాది. నా మాట ఎక్కడా లేదు." కోపం లేదు అతని గొంతులో. ఎండలో బయటికి పోతున్న బిడ్డకు గొడుగు తీసుకుపొమ్మని చెబుతున్నట్టే ఉంది. "నీకు బీపీ, షుగరు. ఆయనకు నడుము లేదు. కోర్టుకు ఎట్లా తిరుగుతావు?"

దీపం చుట్టూ చిన్న పురుగు తిరుగుతోంది. మునిలక్ష్మి దాన్నే చూసింది.

"ఆ గోనె ఏం చేస్తారు?"

"వాపసు పంపించేసినా. డబ్బు కూడా అడగలా."

"పారేయలేదా?"

"వాళ్ల సరుకు నేనెట్లా పారేసేది? వాళ్లు ఏం చేసుకుంటారో వాళ్లిష్టం."

ఇంకో అంగడికి పంపుతారు. అక్కడ పీట మీద కూర్చునే మనిషి కూడా ఉండదు. జయరామప్ప గోదాములోకి పోయి కొత్త గోనె ఒకటి తనే ఈడ్చుకొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. వగరుస్తున్నాడు. అలవాటు కొద్దీ ఆమె వంగి ఇంకో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి గోనెను పీట ముందుకు చేర్చారు.

"దీన్ని ఢిల్లీలో ల్యాబులో చూపించినారంట," అన్నాడు. "కాయితం ఉండాది. నువ్వేం భయపడొద్దు. ఊరికే నాలుకకు తాకించు. అంతే."

పది గంటలకు తేజస్ దీపం వెలిగించాడు. గుమ్మం నిండా జనం. ప్రేమకుమారి బల్ల దగ్గర కొత్త పిల్ల గమ్ము డబ్బా మూత తీయలేక తంటాలు పడుతోంది.

ముందు వరసలో సమీనా అనే అమ్మాయి బిడ్డను భుజాన వేసుకుని నిలబడింది. జిగణి నుంచి రెండు బస్సులు మారి వచ్చానని తేజస్‌తో చెబుతోంది. మగడు అక్కడ రేకుల ఫ్యాక్టరీలో పని. బిడ్డకు పళ్లు వస్తున్నాయి, నాలుగు రోజులుగా ఒళ్లు కాలిపోతోంది. బిడ్డ తల తల్లి మెడ మీదికి వాలిపోయి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి.

"మా అత్త చెప్పింది," అంది సమీనా. "ఆమె నోట్లో పెట్టి ఇచ్చిందే తీసుకో, ఊరికే ఇస్తే తీసుకోవద్దు అని."

మునిలక్ష్మి పీట మీంచి కొంచెం లేచింది. తేజస్ ఫోను తన మీదే ఉంది. ఉన్నా సరే.

"చూడమ్మా, నా నాలుకకు ఏమీ తెలీదు. చచ్చిపోయింది. నిజంగా చెప్తాండా. చేదు తెలీదు, విషం తెలీదు. ఇది తీసుకోవద్దు. బిడ్డను ఆసుపత్రికి తీసుకుపో."

గుమ్మం దగ్గర ఒకాయన నవ్వాడు. నవ్వు మెల్లగా మిగతావాళ్లకు పాకింది.

"మునక్క ఇట్లే తమాషా చేస్తాది," అన్నాడు తేజస్ ఫోను దించకుండా. "గొప్పలు చెప్పుకోదు. అదే ఆమె స్పెషల్."

"తెలిసినవాళ్లు అట్లే అంటారు," అంది సమీనా వెనక నిలబడ్డ పెద్దామె. "తెలీనోళ్లే అంతా తెలుసంటారు."

"అమ్మా, నేను తమాషాకు చెప్పలా," అంది మునిలక్ష్మి. సమీనా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కూడా కాలుతోంది, బిడ్డను మోసి మోసి. "పోమ్మా. ఇప్పుడే పో. ఆటో పిలిపిస్తా."

సమీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. భయంతో కాదు, తన బిడ్డ గురించి ఇంతగా చెప్పే మనిషి దొరికినందుకు. "పోతానమ్మా. మీరు చెప్పినారు గదా, తప్పకుండా పోతా. ఇది రెండు దినాలు వేసి చూసి, తగ్గకపోతే పోతా."

తనే గోనెలోకి వంగి ఒక వేరు ఏరుకుంది. పొడి ఊది, కొంగుకు తుడిచి, గుడిలో చెయ్యి చాపినట్టు మునిలక్ష్మి ముందుకు చాపింది. మునిలక్ష్మి కదల్లేదు. సమీనా ఆ వేరును ఆమె పెదాల దాకా తెచ్చింది. బిడ్డ ముక్కులోంచి వచ్చే వేడి గాలి మునిలక్ష్మి బుగ్గకు తగిలింది.

ఆమె నోరు తెరిచింది.

"చేదా అమ్మా?" అంది సమీనా.

మునిలక్ష్మి నాలుక మీద ఎప్పటి చీమలే పాకాయి. సమీనా ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. అక్కడ చేదు కనిపించినట్టుంది. తృప్తిగా వేరు వెనక్కి తీసుకుని, తడి ఆరకుండా రుమాల్లో చుట్టుకుంది.